అంబాసిడర్ 1489 పెట్రోల్ ఇంజన్‌కి పవర్ కోసం ఏ క్యామ్ షాఫ్ట్ వేయాలి?

చిత్తూరు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. ఇంట్లో తాతగారి నాటి అంబాసిడర్ మార్క్ 3 ఉంది, 1489 సీసీ పెట్రోలు. ఇంజన్ దించి బోర్ చేయించబోతున్నారు. నలుగురు ఎక్కి సామాను పెడితే మొగిలి ఘాట్‌లో మూడో గేరు లాగడం లేదు, రెండులోకి దించాల్సి వస్తోంది. ఎలాగూ ఇంజన్ విప్పుతున్నాం కాబట్టి పవర్ పెరిగే క్యామ్ (వాల్వులను తెరిచి మూసే షాఫ్ట్) వేద్దామని ఆలోచన. స్నేహితుడేమో 285 డిగ్రీల ర్యాలీ క్యామ్ వేయమన్నాడు, మెకానిక్ ఏమో ఉన్నదాన్ని కదిలించొద్దన్నాడు. ఎవరి మాట వినాలి?

నా సమాధానం: 250 నుంచి 256 డిగ్రీల మధ్య డ్యూరేషన్ (క్రాంక్ ఎన్ని డిగ్రీలు తిరిగేదాకా వాల్వు తెరిచి ఉంటుందో ఆ లెక్క) ఉన్న మెతక క్యామ్ వేయండి. అదీ కంప్రెషన్, హెడ్డు, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచేది) మూడూ సరిచేశాకే. 285 క్యామ్ మాత్రం మీ బండికి వద్దే వద్దు. ఇంజన్ దించకుండా ఒక్క క్యామ్ కోసమే అడిగి ఉంటే, అసలు క్యామ్ జోలికి పోవద్దని చెప్పేవాణ్ణి. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి ఆలోచించదగ్గ పనే.

నేను తిరుపతిలో పాత పెట్రోల్ ఇంజన్ల పనే చేస్తాను. వచ్చేవి ఎక్కువగా అంబాసిడర్లు, పద్మినీలు. ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో తరచూ వస్తూనే ఉంటుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం పట్టుకుంటే మిగతాదంతా తేలిక. పెద్ద క్యామ్ కొత్తగా బలం పుట్టించదు. ఉన్న టార్క్‌ను (తిప్పే బలాన్ని) పై ఆర్‌పీఎంకి జరుపుతుంది. పైన వచ్చేదానికి కింద కొంత వదులుకోవాలి. ఘాట్ రోడ్డులో మీరు ఇంజన్‌ను తిప్పేది రెండు వేలకూ మూడు వేలకూ మధ్య. అక్కడ 2500 దగ్గర ఇంజన్ 100 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తోందనుకుంటే చేతికొచ్చేది 35 హెచ్‌పీ. పెద్ద క్యామ్ వేశాక అదే 2500 దగ్గర టార్క్ 85కి పడితే 30 హెచ్‌పీయే మిగులుతుంది. 5500 దగ్గర ఎంత పెరిగితే ఏం లాభం? అంబాసిడర్‌ను నలుగురితో 5500కి తిప్పేవాళ్లు ఎవరూ ఉండరు, తిప్పకూడదు కూడా. ఆ ఇంజన్‌లో క్రాంక్‌ను మోసేది మూడే మెయిన్ బేరింగులు.

మీ స్నేహితుడి ఆలోచన ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో ఊహించగలను. అంబాసిడర్‌లో ఉన్నది బ్రిటిష్ కార్ల కంపెనీ బీఎంసీ వాళ్ల బీ-సిరీస్ ఇంజన్. 1955లో ఇంగ్లండ్‌లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులో ఉన్నదీ ఈ కుటుంబంలోని 1489 సీసీ ఇంజనే. బోర్ 73 మి.మీ., స్ట్రోక్ 88.9 మి.మీ., రెండింటికీ ఒకటే. అంబాసిడర్‌లో అది 4200 ఆర్‌పీఎం దగ్గర 50 హెచ్‌పీ చుట్టుపక్కల ఇస్తే, ఎంజీఏలో మొదట 68, తర్వాత 72 ఇచ్చింది. ఈ లెక్క చూసిన ఎవరికైనా ఆశ పుడుతుంది. అయితే ఆ 72 వచ్చింది 5500 దగ్గర. దాని వెనక రెండు ఒకటిన్నర అంగుళాల ఎస్‌యూ కార్బొరేటర్లు, 8.3 కంప్రెషన్, మెరుగైన హెడ్డు ఉన్నాయి. పైగా అది లాగాల్సింది రెండు సీట్ల తేలికపాటి కారును. ఇక క్యామ్ సంగతి చూడండి: ఇన్లెట్ వాల్వు టాప్ డెడ్ సెంటర్‌కు (పిస్టన్ పైకొసన ఉండే చోటు) 16 డిగ్రీల ముందు తెరుచుకుని, బాటమ్ డెడ్ సెంటర్ (కింది కొస) దాటిన 56 డిగ్రీలకు మూసుకుంటుంది. 16, 180, 56 కలిపితే 252. స్పోర్ట్స్ కారుకు కంపెనీ వేసిన క్యామే 252 అయితే, కుటుంబంతో తిరిగే అంబాసిడర్‌కు 285 ఎందుకు? మీ బండిలో ఉన్న ఒరిజినల్ క్యామ్ ఆ 252 కన్నా మెతకది. దానికీ దీనికీ మధ్య ఉన్న తేడాయే మీరు వాడుకోగలిగిన జాగా.

ఈ హెడ్డుకు పెద్ద క్యామ్ ఎందుకు పడదు? చాలామంది చూడని సంగతి ఇది. హెడ్డు విప్పినప్పుడు ఇన్లెట్ వైపు చూడండి, నాలుగు సిలిండర్లకు రెండే రంధ్రాలు కనబడతాయి. ఒకటీ రెండూ కలిసి ఒక పోర్టు, మూడూ నాలుగూ కలిసి ఇంకో పోర్టు. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) 1-3-4-2. అంటే రెండో సిలిండర్ గాలి పీల్చుకున్న వెంటనే దాని పక్కనున్న ఒకటోది అదే పోర్టు నుంచి పీలుస్తుంది. ఆ తర్వాత ఆ పోర్టుకు చాలాసేపు విరామం. అటువైపు మూడు, నాలుగుదీ ఇదే కథ.

ఇప్పుడు లెక్క వేయండి. డ్యూరేషన్ 252 అయితే రెండో సిలిండర్ వాల్వు మూసుకోకముందే ఒకటోది తెరుచుకుని, 72 డిగ్రీల పాటు రెండూ ఒకేసారి తెరిచి ఉంటాయి. 285 అయితే ఇది 105 డిగ్రీలు అవుతుంది. ఆ సమయంలో రెండోదాంట్లో పిస్టన్ పైకి వస్తూ ఉంటుంది, ఒకటోదాంట్లో కిందికి దిగుతూ లాగుతుంటుంది. రెండోదానికి దక్కాల్సిన మిశ్రమాన్ని ఒకటోది గుంజుకుంటుంది. వేగం మీద గాలికి ఊపు ఉంటుంది కాబట్టి కొంతవరకు నెట్టుకొస్తుంది. తక్కువ ఆర్‌పీఎంలో ఆ ఊపు లేదు. ఒక సిలిండర్ రిచ్‌గా (పెట్రోలు ఎక్కువై), పక్కది లీన్‌గా (పెట్రోలు తక్కువై) మండుతుంది. ప్లగ్గులు తీసి వరసగా పెడితే కంటికే కనబడుతుంది, ఒకటి నల్లగా మసిబారి, పక్కది తెల్లగా. కార్బొరేటర్ ఎంత తిప్పినా ఈ తేడా పోదు.

ఇన్లెట్ ఆలస్యంగా మూసుకోవడం వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. 56 డిగ్రీల దగ్గర మూసుకుంటే అప్పటికి పిస్టన్ కింది నుంచి సుమారు 15 మి.మీ. పైకి వచ్చేసి ఉంటుంది. 285 క్యామ్‌లలో ఇది 70 డిగ్రీల దాకా పోతుంది, అప్పుడు పిస్టన్ పైకి వచ్చేది సుమారు 24 మి.మీ. 88.9 మి.మీ. స్ట్రోక్‌లో ఇంత దూరం కంప్రెషనే లేదన్నమాట. వచ్చిన మిశ్రమంలో కొంత వెనక్కి మానిఫోల్డ్‌లోకి పోతుంది. కంప్రెషన్ తక్కువగా ఉన్న మన పాత ఇంజన్‌కు ఇది పెద్ద దెబ్బ. పెద్ద క్యామ్ వేయాలంటే కంప్రెషన్ పెంచాలనే మాట ఇందుకే పుట్టింది. హెడ్డు ఎక్కువ గీయించి కంప్రెషన్ పెంచితే ఎండాకాలం ఘాట్‌లో నాకింగ్ మొదలవుతుంది. మన దగ్గర మే నెల ఎండలో, ఫుల్ లోడ్ మీద ఎక్కేటప్పుడు ఆ టకటక శబ్దం వినబడిందంటే పిస్టన్ మీద దెబ్బలు పడుతున్నట్టే.

మీలాంటి బండే ఒకటి పలమనేరు వైపు నుంచి నా దగ్గరికి వచ్చింది. ఎక్కడో రేస్ క్యామ్ వేయించారు. స్లో 1200 ఆర్‌పీఎంకి తక్కువ పెడితే ఆగిపోతుంది, సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోలు వాసన, ఘాట్‌లో ముందుకన్నా అధ్వాన్నం. ఆయన కార్బొరేటర్ మార్పించారు, కాయిల్ మార్పించారు, ఫలితం లేదు. నేను మొదట క్రాంక్ పుల్లీకి కోణం చూపే డిగ్రీ ప్లేటు కట్టి, రాకర్ (వాల్వును నొక్కే చేయి) మీద కదలికను కొలిచే డయల్ గేజ్ పెట్టి కొలిచాను. క్యామ్ పెద్దది కావడం ఒకటి, దాన్ని టైమింగ్ చైన్ మీద ఒక పన్ను ఆలస్యంగా కూర్చోబెట్టడం ఇంకొకటి. రెండూ కలిసి ఇన్లెట్ ఎప్పుడు మూసుకుంటోందంటే, పిస్టన్ సగం దారికి దగ్గరగా వచ్చాక. ముందు చైన్ సరిచేస్తే సగం రోగం పోయింది. మిగతా సగం మెతక క్యామ్ వేశాకే పోయింది. అప్పుడు ఆయన మూడో గేరులోనే ఎక్కుతున్నారు.

కొత్త క్యామ్ కొనేముందు పాతదాన్ని కొలవండి. ఇది చెప్పకపోతే నా సమాధానం సగమే అవుతుంది. మీ బండి ఘాట్‌లో లాగకపోవడానికి కారణం క్యామ్ చిన్నది కావడం కాకపోవచ్చు, అరిగిపోవడం కావచ్చు. ట్యాపెట్ గ్యాప్ (రాకర్‌కూ వాల్వుకూ మధ్య సందు) సరిగ్గా పెట్టి, ఒక్కో వాల్వు దగ్గర డయల్ గేజ్ పెట్టి, ఇంజన్‌ను చేత్తో తిప్పుతూ ఎంత కిందికి దిగుతోందో ఎనిమిదింటికీ రాసుకోండి. ఇన్లెట్లు నాలుగూ ఒకదానితో ఒకటి దాదాపు సరిపోవాలి, ఎగ్జాస్ట్‌లు నాలుగూ అంతే. ఒకటి మిగతావాటికన్నా మిల్లీమీటరో రెండో తక్కువ చూపిస్తే ఆ లోబ్ (క్యామ్ మీద వాల్వును కదిలించే ఉబ్బెత్తు) పోయినట్టే. క్యామ్ బయటికి తీశాక ఆ లోబ్ ముక్కు మీద గోరు పెట్టి గీరితే అంచు తగులుతుంది. ఆ లోబ్ మీద ఆనుకుని కదిలే ట్యాపెట్ అడుగు తిప్పి చూడండి, మధ్యలో గుంట పడి, చిన్న చిన్న పొక్కులు లేచి ఉంటాయి. ఇలాంటి బండికి ఒరిజినల్ కొలతల్లో మంచి క్యామ్ వేసినా యజమాని పవర్ పెరిగిందనే చెబుతాడు. నిజానికి పోయినదే తిరిగి వచ్చింది.

కంప్రెషన్ గేజ్ కూడా పెట్టించండి. నాలుగింట్లో ఒకటి బాగా తక్కువుంటే రింగులో వాల్వో తేల్చుకోవాలి. డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్‌ను చేత్తో పక్కకు ఊపి చూడండి. ఆడితే పాయింట్ గ్యాప్ ఒక్కో సిలిండర్‌కు ఒక్కోలా ఉంటుంది. లోపల అడ్వాన్స్ స్ప్రింగులు సాగిపోయి, బరువులు బిగుసుకుపోయి ఉంటే ఘాట్‌లో సరిగ్గా కావాల్సినప్పుడే టైమింగ్ ఉండదు. పికప్ లేదని నా దగ్గరికి వచ్చే అంబాసిడర్లలో చాలావాటికి మందు ఇక్కడే దొరుకుతుంది.

ఇక క్యామ్ ఎక్కడ తేవాలంటే, రెండు దారులు. ఒకటి ఎంజీ కార్ల కోసం తయారయ్యే కొత్త క్యామ్ విదేశాల నుంచి తెప్పించుకోవడం. రెండు, మీ పాత క్యామ్‌నే రీగ్రైండ్ చేయించడం, అంటే లోబ్‌లను కొత్త ఆకారంలోకి గీయించడం. కొత్తది తెప్పిస్తే ఫ్యూయల్ పంపు లోబ్ ఉందో లేదో ముందే అడగండి. మన అంబాసిడర్‌లో మెకానికల్ పంపును నడిపేది క్యామ్ షాఫ్టే. ఎంజీఏలో ఎలక్ట్రిక్ పంపు, దాంతో ఆ క్యామ్‌కు ఈ లోబ్ అవసరం లేదు. లోబ్ లేని క్యామ్ వేస్తే మీరూ ఎలక్ట్రిక్ పంపు పెట్టుకోవాల్సిందే. జర్నల్ (క్యామ్ బేరింగుల్లో తిరిగే భాగం) సైజులు, డిస్ట్రిబ్యూటర్ డ్రైవ్ గేరు, ఆయిల్ పంపు డ్రైవ్ కూడా పాతదాని పక్కన పెట్టి సరిచూసుకున్నాకే డబ్బు కట్టండి. బీ-సిరీస్ అని రాసున్నంత మాత్రాన అన్నీ అన్నిటికీ పట్టవు. తర్వాత వచ్చిన ఐదు బేరింగుల ఇంజన్ భాగాలను దీనికి సరిపోతాయని అమ్మేవాళ్లున్నారు.

రీగ్రైండ్ విషయంలో ఒక మెలిక ఉంది. లోబ్‌ను ఎత్తు చేయడానికి లోహం ఎక్కడి నుంచో రాదు, కింది గుండ్రటి భాగాన్ని తగ్గించి లిఫ్ట్ (లోబ్ కదిలించే ఎత్తు) తెస్తారు. దాంతో ట్యాపెట్ ముందుకన్నా కిందికి దిగుతుంది, రాకర్ స్క్రూ ఎక్కువ బయటికి రావాల్సి వస్తుంది, రాకర్ కోణం మారుతుంది. కొద్దిపాటి తేడా అయితే స్క్రూతోనే సర్దుకుంటుంది. ఎక్కువైతే పొడుగు పుష్ రాడ్లు (ట్యాపెట్ నుంచి రాకర్‌కు పోయే కడ్డీలు) కావాలి. పనికి ఇచ్చేముందు, తెచ్చుకున్నాక మైక్రోమీటర్‌తో కొలిచి రాసుకోండి. లోబ్ మీద గట్టి పొర ఎంత మిగిలిందో గ్రైండింగ్ చేసినాయన్ని అడగండి. పొర పూర్తిగా పోతే ఆ క్యామ్ ఎక్కువ రోజులు బతకదు.

అమ్మేవాళ్లు చెప్పే లిఫ్ట్ లోబ్ దగ్గరిదా, వాల్వు దగ్గరిదా అన్నదీ తేల్చుకోవాలి. ఈ ఇంజన్‌లో రాకర్ రేషియో సుమారు 1.4. లోబ్ దగ్గర 6.35 మి.మీ. అంటే వాల్వు దగ్గర దాదాపు 9 మి.మీ. మీకు ఆ 9 చాలు. అంతకు మించి ఎత్తినా ఆ పోర్టులోంచి గాలి పెద్దగా ఎక్కువ రాదు, స్ప్రింగులకూ వాల్వు గైడ్లకూ శిక్ష మాత్రం మిగులుతుంది.

ట్యాపెట్లు ఎనిమిదీ కొత్తవే వేయాలి. ఇందులో బేరం లేదు. ట్యాపెట్ అడుగు చూడటానికి చదునుగా ఉన్నా చాలా కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది, లోబ్ కూడా చాలా కొద్దిగా వాలుగా ఉంటుంది. ఆ రెండింటి వల్ల ట్యాపెట్ పనిచేస్తూ తన చుట్టూ తాను తిరుగుతుంది, అరుగుదల అంతటా సమానంగా పడుతుంది. పాత లోబ్‌కు అలవాటుపడి గుంటపడిన ట్యాపెట్‌ను కొత్త క్యామ్ మీద పెడితే అది తిరగదు. తిరగకపోతే లోబ్‌ను తినేస్తుంది.

స్ప్రింగుల దగ్గరా అంతే, గట్టివి అయితే మంచిదనుకోవద్దు. వాల్వు పూర్తిగా దిగినప్పుడు స్ప్రింగు చుట్టల మధ్య ఫీలర్ గేజ్ దూరే సందు ఉండాలి. చుట్టలు ఒకదానికొకటి తగిలి బిగుసుకుంటే పుష్ రాడ్ వంగుతుంది. మంచి ఒరిజినల్ బలమున్న కొత్త స్ప్రింగులు ఈ మెతక క్యామ్‌కు సరిపోతాయి. హెడ్డు విప్పినప్పుడే ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి సీట్ రింగులు వేయించండి. 2000 నుంచి మనకు సీసం లేని పెట్రోలే కదా. ఈ ఇనుప హెడ్డు తయారైంది సీసం ఉన్న పెట్రోల్ రోజుల్లో. ఘాట్‌లో వేడి మీద సీటు అరిగి వాల్వు లోపలికి దిగిపోతూ ఉంటుంది, ట్యాపెట్ గ్యాప్ మాటిమాటికీ తగ్గిపోతుంటే అదే గుర్తు.

బిగించేటప్పుడు స్ప్రాకెట్ల మీది చుక్కలు కలిపి వదిలేయకండి. పాత క్యామ్‌కైతే చుక్కలు చాలు. రీగ్రైండ్ చేసినదానికి చాలవు. డిగ్రీ ప్లేటు పెట్టి ఒకటో సిలిండర్ ఇన్లెట్ పూర్తిగా తెరుచుకునేది టాప్ డెడ్ సెంటర్ దాటిన ఎన్ని డిగ్రీలకో చూడాలి. పైన చెప్పిన 252 క్యామ్‌కు అది 110. లెక్క తేలికే: 252లో సగం 126, అందులోంచి ముందు తెరుచుకునే 16 తీసేస్తే 110. మూడు నాలుగు డిగ్రీలు తేడా ఉంటే స్ప్రాకెట్‌ను కొద్దిగా జరిపి కూర్చోబెట్టే ఆఫ్‌సెట్ కీతో సరిచేస్తారు. ఘాట్‌కు వాడే బండి కాబట్టి కొద్దిగా ముందుకే ఉన్నా ఫర్వాలేదు, వెనక్కి మాత్రం ఉండకూడదు. హెడ్డు గీయించి ఉంటే పిస్టన్ మీద పిల్లలు ఆడుకునే క్లే ముద్ద పెట్టి, పాత గాస్కెట్‌తో హెడ్డు బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పి విప్పండి. క్లే మీద వాల్వు నొక్కిన చోట మందం ఇన్లెట్ వైపు 2 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ. కన్నా తగ్గకూడదు.

మొదటి ఇరవై నిమిషాలే క్యామ్ ఆయుష్షు తేలుస్తాయి. లోబ్‌ల మీద, ట్యాపెట్ల అడుగున మోలీ పేస్టు పూయండి. స్టార్ట్ చేసేముందు ప్లగ్గులు తీసి తిప్పి ఆయిల్ ప్రెషర్ ఎక్కించండి. ఇగ్నిషన్ టైమింగ్ ముందే పెట్టుకుని, కార్బొరేటర్ నింపుకుని, రేడియేటర్ నిండా నీళ్లతో సిద్ధంగా ఉండండి, పట్టగానే స్టార్ట్ కావాలి. అయ్యాక స్లోలో వదలొద్దు. 2000 నుంచి 2500 మధ్య మారుస్తూ ఇరవై నిమిషాలు నడపాలి. ఈ ఇంజన్‌లో లోబ్‌లకు నూనె అందేది ఎక్కువగా చిందే నూనెతోనే, స్లోలో అది చాలదు. వేడెక్కితే ఆపి, చల్లారాక మళ్లీ మొదలుపెట్టండి. ఆయిల్ కూడా కొత్త కార్లకు పోసే పల్చటిది వద్దు, జింక్ బాగా ఉన్న 20-50 పోయండి. ఆ తర్వాత ఆయిలూ ఫిల్టరూ మార్చి, ట్యాపెట్లు మళ్లీ సెట్ చేయండి. గ్యాప్ ఎంతన్నది పాత మాన్యువల్‌లో చూడొద్దు, క్యామ్‌తో వచ్చిన కార్డులో ఉన్నదే పెట్టాలి.

మీ బండిలో ఎస్‌యూ కార్బొరేటర్ ఉందో, సోలెక్స్ ఉందో రాయలేదు. ఎస్‌యూ అయితే నీడిల్ మార్చి సర్దుకోవచ్చు, సోలెక్స్ అయితే జెట్లు. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు మామూలుగానే ఇంజన్‌ను కొంచెం లీన్‌గా నడుపుతుంది, క్యామ్ మారాక ఇంకొంచెం రిచ్ కావాలి. పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం కూడా అప్పుడే ఇ20కి తట్టుకునేవి వేసేయండి.

చివరిగా, కాగితాల విషయం. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేకుండా ఒరిజినల్‌గా ఉన్నవాటికే అది వర్తిస్తుంది. మార్క్ 3 వచ్చింది 1975 నుంచి 1979 దాకా కాబట్టి మీ బండికి ఆ వయసు వచ్చేసినా వచ్చి ఉండొచ్చు, లేదా దగ్గర్లోనే ఉంది. తాతగారి బండి అంటున్నారు, రేపు ఆ దారిలో పోవాలనిపిస్తే ఇబ్బంది ఉండకూడదు. అందుకే రీగ్రైండ్‌కు మీ సొంత క్యామ్ ఇవ్వకుండా పాత సామాన్ల మార్కెట్‌లో ఇంకో క్యామ్ దొరికితే దాన్ని చేయించండి. మీదానికి నూనె పూసి, ట్యాపెట్లకు ఏది ఏ వాల్వుదో నంబర్లు రాసి దాచండి. అరిగిపోని పక్షంలో మళ్లీ అదే వేసుకోవచ్చు. ఇసుజు 1.8 ఇంజన్ ఎక్కించేయమని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. అది మంచి ఇంజనే, కానీ ఇంజన్ మార్చాలంటే ఆర్టీఓ అనుమతి, ఆర్‌సీలో నమోదు తప్పనిసరి. పైగా అది వేశాక మీ తాతగారు నడిపిన బండి అది కాదు.

ఇంజన్ దించకముందే కంప్రెషన్ రీడింగులు నాలుగూ, వాల్వు లిఫ్ట్‌లు ఎనిమిదీ కొలిచి ఇక్కడ రాయండి, కార్బొరేటర్ ఏదో కూడా. అవి చూశాక 250 వైపు పోవాలా, 256 వైపు పోవాలా, లేక మంచి ఒరిజినల్ క్యామే సరిపోతుందా అన్నది చెబుతాను.